పేద అల్లుడు కావలెను

"నా పన్నుల కాగితాలు ఎవడికీ చూపించను" అన్నాడు వెండెల్ క్రౌస్, రొట్టె మీద వెన్న రాసుకుంటూ. "గవర్నమెంటు అడిగినా అంతే, కాలేజీ అడిగినా అంతే."

మార్చి రెండో వారం. నెబ్రాస్కాలో ఇంకా మంచు పూర్తిగా కరగలేదు. చిన్న కూతురు గ్రేటాకు ఒమాహాలో ఒక ప్రైవేటు కాలేజీలో సీటు వచ్చింది. ఖర్చు ఏడాదికి యాభై వేల డాలర్లు. ఆర్థిక సాయం కావాలంటే ఫారం నింపాలి. ఫారంలో తండ్రి ఆదాయం రాయాలి. ట్రాక్టర్ విడిభాగాల షాపులు మూడున్న తండ్రి ఆదాయం రాస్తే ఇంకేముంది, మీరే కట్టుకోండి అంటారు.

వెండెల్ కట్టడు. పోనీ బ్యాంకు అప్పుకు హామీ సంతకం పెట్టమంటే అదీ పెట్టడు. ఫారాలు పట్టుకుని చేయి చాచేవాళ్ళంటేనే అతనికి ఒళ్ళు మంట. ఊళ్ళో సగం మంది పిల్లలు అలాగే చదువుతున్నారని భార్య నోరీన్ అంటే, అయితే సగం ఊరు అడుక్కుతింటోందన్నమాట అని తేల్చేశాడు.

మహా పట్టుదల మనిషి. పెద్ద కూతురు లోయిస్ మాంసం ఫ్యాక్టరీలో పనిచేసేవాణ్ణి చేసుకుందని ఆరేళ్ళుగా ఆ పిల్లను గడప తొక్కనివ్వలేదు. పుట్టిన మనవరాలి మొహం చూడలేదు. ఆ ఫ్యాక్టరీ కంపు తన ఇంట్లోకి రాకూడదట.

గ్రేటాకు పంతొమ్మిదేళ్ళు. ఏడవలేదు, అలగలేదు.

"ఇంకో దారుంది నాన్నా. పెళ్ళయితే తండ్రి ఆదాయం చూడరు, మొగుడిదే చూస్తారు. కాగితం మీద పెళ్ళి చేసుకుంటాను. చదువైపోగానే విడాకులు."

గవర్నమెంటు చెవిలో పువ్వు పెట్టొచ్చనేసరికి వెండెల్ మొహం వెలిగిపోయింది. పెళ్ళికొడుకెవరని అడిగాడు. గ్రేటా ఇద్దరి పేర్లు చెప్పింది. ఒకడు ట్రెవర్, బ్యాంకు మేనేజరు కొడుకు. రెండోవాడు ఎఫ్రైన్, మాంసం ఫ్యాక్టరీలో కత్తి పట్టేవాడు. తనకైతే ట్రెవరే నయమనిపిస్తోందని కూడా అంది.

"ట్రెవర్ జీతమెంత?"

"ఏడాదికి తొంభై వేలు."

"రెండోవాడిది?"

"ముప్పై రెండు."

వెండెల్ పకపకా నవ్వాడు. "ఈ తెలివితోనా నువ్వు కాలేజీకెళ్ళేది? మొగుడి జీతం లెక్కేస్తారని నువ్వే చెప్పి, తొంభై వేలవాణ్ణి తెస్తానంటావేం? వాడెంత దరిద్రుడైతే మనకంత లాభం. ఆ కత్తివాడే ఖాయం."

"మరి అక్క చేసుకుంటే..."

"అది నిజంగా చేసుకుంది. ఇది కాగితం" అని కసిరాడు.

ఇక ఊరుకుంటాడా, అంతా తన చేతుల్లోకి తీసుకున్నాడు. కోర్టులో రెండు నిమిషాల్లో కానిచ్చేద్దామంది గ్రేటా. వీల్లేదన్నాడు. రేపు ఏ అధికారో వచ్చి ఇది దొంగ పెళ్ళంటే? చర్చిలో జరగాలి, పాస్టరు ఉండాలి, ఫొటోలుండాలి. ఫొటోల్లో అక్కా బావా లేకపోతే అనుమానం రాదూ అని నోరీన్ మెల్లగా అంది. అదీ నిజమేననుకుని, ఆరేళ్ళ తర్వాత లోయిస్‌కు తనే ఫోన్ చేశాడు.

జూన్ మొదటి శనివారం పెళ్ళి. ఎఫ్రైన్ తల్లి మూడు పెద్ద గిన్నెల నిండా మొక్కజొన్న పిండిలో మాంసం పెట్టి చేసే తమాలేలు వండి తెచ్చింది. వెండెల్ ఆవిడ భుజం మీద చెయ్యేసి పళ్ళికిలించి ఫొటో దిగాడు. మనవరాలిని ఎత్తుకుని ఇంకోటి దిగాడు. ఆ పిల్ల బుగ్గ మీద ముద్దు కూడా పెట్టాడు, అదీ ఫొటో కోసమే. గ్రేటా చెయ్యి పట్టుకుని నడిపించుకెళ్ళి ఎఫ్రైన్ చేతిలో పెట్టి కళ్ళు తుడుచుకున్నాడు. ఫొటో సరిగా రాలేదంటే రెండోసారి తుడుచుకున్నాడు.

ఆ వేసవంతా డైనర్‌లో కూర్చుని కాఫీ తాగుతూ ఊరందరినీ ఈసడించాడు. కొడుకు చదువు కోసం ఇల్లు తాకట్టు పెట్టినవాణ్ణి మొహం మీదే గాడిద అన్నాడు. పిల్లల్ని చదివించడానికి డబ్బెందుకు, తలకాయుంటే చాలని చెప్పాడు. అక్కడున్నవాళ్ళు ఇతని నోటికి జడిసి తలలు వంచుకుని గుడ్లు తినేసి వెళ్ళిపోయేవాళ్ళు.

ఆగస్టులో గ్రేటా సామాను తన ట్రక్కులోనే వేసుకుని బయల్దేరాడు. వెనక సీట్లో కొత్త దంపతులు.

"నాలుగేళ్ళే. గుర్తుందిగా?" అన్నాడు అద్దంలోంచి అల్లుణ్ణి చూస్తూ.

"గుర్తుంది సార్" అన్నాడు ఎఫ్రైన్. వాడి చెయ్యి గ్రేటా చేతిలో ఉంది. ఎవరూ చూడనప్పుడు కూడా ఈ నటనేమిటో, వట్టి మొద్దువెధవ అనుకున్నాడు వెండెల్.

కాలేజీకి చేరగానే, గది చూద్దాం రమ్మని గ్రేటా అంటున్నా వినకుండా, ఆర్థిక సాయం ఆఫీసు ఎక్కడుందో వాకబు చేశాడు. తన గెలుపును కళ్ళారా చూసుకోకుండా వెనక్కెలా పోతాడు? కౌంటర్ ముందు నిలబడి కూతురి పేరు చెప్పి, ఎవరూ అడగకముందే పెళ్ళి ఫొటోలు బల్ల మీద పరిచాడు.

"చూసుకోండి, చర్చి పెళ్ళి. ఇడుగో మా అల్లుడు, ముప్పై రెండు వేల జీతగాడు. వీణ్ణి చూసి మా అమ్మాయికి ఎంత సాయమిచ్చారో చెప్పండి."

కౌంటర్‌లో ఉన్నావిడ ఫొటోలు చూసింది. కంప్యూటర్ చూసింది. చెప్పమంటావా అన్నట్టు గ్రేటా వైపు చూసింది. గ్రేటా ఎఫ్రైన్ చెయ్యి వదలకుండానే తల ఊపింది.

"మీ అమ్మాయి సాయం కోసం మాకు ఫారమే పెట్టలేదండీ, మార్కులు చూసి నాలుగేళ్ళ ఖర్చంతా మేమే భరిస్తామని ఫిబ్రవరిలోనే తనకు ఉత్తరం రాశాం" అందావిడ.