ఉత్తుత్తి ఇంటర్వ్యూ

“మీ వయసు అరవై. పెళ్లి కాలేదు, ఒంటరిగా ఉంటారు. ట్రాన్స్ మహిళ. గుర్తుంటుందా అత్తయ్యా?”

“అరవై రెండు వేసుకో. ఉన్న వయసు తగ్గించడం దేనికి?” అంటూ అత్తగారు మిషను సూదిలో దారం ఎక్కించింది.

కోడలు ఎదురుగా స్టూలు లాక్కుని ప్రశ్నల కాగితాలు ఒళ్లో పెట్టుకుంది. ట్రాన్స్‌జెండర్ల ఆరోగ్యం, బాగోగుల మీద జరుగుతున్న ఒక పరిశోధనలో ఆమెకు కొత్తగా ఉద్యోగం దొరికింది. పాల్గొనడానికి ముందుకొచ్చినవాళ్లతో కూర్చుని మాట్లాడి, వాళ్లు చెప్పింది రాసుకోవాలి. మొన్నటి ట్రయల్లో ముందు నోరు పెగల్లేదు. పెగిలాక పోలీసు విచారణలా తయారైంది. “సోమవారం కూడా ఇలాగే అడిగితే టైపింగులో కూర్చోబెడతాను” అని పరిశోధన నడిపే మేడమ్ తేల్చి చెప్పింది. కోడలికి మనుషులతో మాటలంటే ప్రాణం, కంప్యూటరంటే తలనొప్పి. అందుకే ఈ ఆదివారం మధ్యాహ్నం అత్తగారి కాళ్లావేళ్లా పడింది.

అత్తగారు మొదట నటన రాదని తప్పించుకోజూసింది. నిజమే మరి, ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదని వీధి వీధంతా అంటుంది. తన కుట్టు షాపుకొచ్చినవాళ్లకి గౌను నప్పకపోతే మొహం మీదే అనేస్తుంది. కొడుకుని రెండేళ్లప్పుడు తెచ్చి పెంచుకున్న సంగతి పెళ్లికి ముందే కోడల్ని పక్కన కూర్చోబెట్టుకుని చెప్పేసింది. అలాంటి మనిషి ఇంకొకరిలా ఏం నటిస్తుందిలే అని కోడలికీ పెద్దగా ఆశ లేదు.

“మొదటి ప్రశ్న. మీ అసలు పేరేమిటి?”

అత్తగారు కళ్లజోడు మీంచి చూసింది. “అంటే ఇప్పుడున్నది దొంగ పేరా? మిమ్మల్ని ఏమని పిలవమంటారూ అని అడుగు.”

కోడలు నాలిక్కరుచుకుని కొట్టేసి రాసుకుంది. “ఏమని పిలవమంటారు?”

“అత్తయ్యా అనే పిలువు. అలవాటు తప్పిందంటే నష్టం నాకే.”

“సరే. ఆపరేషన్ ఏమైనా...”

“ఓసి నీ దుంపతెగ! మంచినీళ్లయినా ఇవ్వకుండా ఒంట్లోకి దిగిపోయావేం? ముందు నిద్ర పడుతోందా, అన్నం సయిస్తోందా, అవి అడుగు.”

కోడలు నవ్వేసింది. బిగుసుకున్న భుజాలు వదులయ్యాయి. “నిద్ర పడుతోందా?”

“దిండు దొరికితే చాలు.”

“ఆసుపత్రికి వెళ్తే ఎలా చూస్తారు?”

“ఒకసారి జ్వరమని వెళ్లా. డాక్టరు జ్వరం తప్ప అన్నీ అడిగాడు. పక్కగదిలో వాళ్లని కూడా పిలిచి చూపించాడు. ఇంటికొచ్చేసరికి జ్వరం తనంతట తనే సిగ్గుపడి పోయింది.”

“భలే కల్పిస్తున్నారే!” కోడలి పెన్ను పరుగెత్తింది. “బట్టలూ అవీ కొనుక్కోవడానికి ఇబ్బంది పడ్డారా?”

“కుట్టించుకుందామని వెళ్లి, మా అక్కకని చెప్పి నా కొలతలిచ్చా. మీ అక్కకీ ఇంతింత భుజాలా అన్నాడు టైలరు. కవలలం అన్నా. అయితే ఆవిణ్ణే తీసుకురావచ్చుగా అన్నాడు. ఆవిడ అక్కడే నిలబడి ఉంది పాపం! ఇలా లాభం లేదని మిషను నేనే నేర్చుకున్నా.”

“మీ కుట్టుపని కూడా అందులో కలిపేశారా!” కోడలు పడీపడీ నవ్వింది. షాపుకొచ్చే ఆడవాళ్లు కొలతలిస్తూ కడుపులో ఉన్నదంతా ఆవిడకి చెప్పుకుంటారు. ఇదీ అలా విన్నదే అయ్యుంటుందనుకుంది. “మరి, బాగా సంతోషం వేసిన రోజు?”

అత్తగారు మిషను ఆపింది.

“మన మాటలో ఒక సుఖముంది చూడు. ‘నేను వచ్చాను’ అంటే ఆడో మగో ఎవరికీ తెలీదు. నా నోటితో నేను మాట్లాడుకున్నంతసేపూ హాయిగానే ఉండేది. పక్కవాళ్లు ‘వచ్చాడు’ అన్నప్పుడే ప్రాణం చివుక్కుమనేది. ఇరవయ్యేళ్లప్పుడు నేను కుట్టుకున్న గౌను తొడుక్కుని బస్సెక్కా. నా స్టాపు రాగానే కండక్టరు కేకేశాడు, ‘ఆపు, ఆవిడ దిగుతుంది!’ అని.”

“దిగారా?”

“ఎక్కడ! ఇంకోసారి అంటాడేమోనని కూర్చుండిపోయా. తర్వాతి స్టాపులోనూ అన్నాడు. ఈసారి విసుక్కుంటూ అన్నాడు. అయినా బాగుంది.”

కోడలికి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. కొంగుతో కళ్లు ఒత్తుకుంది. “రేపు మేడమ్ ముందు కూడా ఇలా అడగగలిగితే చాలు అత్తయ్యా.”

“అడుగుతావు. కాగితం చూడ్డం మానేసి ఎంతసేపయిందో నీకే తెలీదు.”

నిజమే. కోడలు కాగితాలు వెతుక్కుని ఆఖరిది తీసింది. “ఇక ఒక్కటే. ఇష్టం లేకపోతే దీనికి జవాబు చెప్పక్కర్లేదు, ఏమీ అనుకోం. మీ సంగతి ఇంట్లో ఎవరెవరికి తెలుసు?”

“బాగా అడిగావు,” అంది అత్తగారు. కుడుతున్న గౌను మడిచి పక్కన పెట్టింది. “మా ఆయనకి పెళ్లికి ముందే తెలుసు. మహానుభావుడు, పోయేదాకా కంటికి రెప్పలా చూసుకున్నాడు. అబ్బాయికి వాడు పెద్దవాడయ్యాక నేనే చెప్పాను.”

“అత్తయ్యా! మీకసలు పెళ్లే కాలేదని మొదట్లోనే అనుకున్నాం!” కోడలు గలగలా నవ్వింది. ఆట మీద మమకారం చావక, మళ్లీ పెన్ను సర్దుకుని మొహం గంభీరంగా పెట్టింది. “పోనీ, కోడలికి తెలుసా?”

అత్తగారు కోడలి చెయ్యి తన చేతిలోకి తీసుకుంది.

“ఇప్పుడే చెప్పాను.”