నల్లడబ్బాలో పెళ్లి

నేను చెప్పింది చెప్పినట్టే రాయండి. మా మనవరాలి పెళ్లి వీడియో ఉందంటూ ఫొటోలు తీసే పింటు ఇచ్చిన నల్లడబ్బా లాంటి హార్డ్ డిస్క్‌ను మా ఊరు చమఖండిలో ఏ కంప్యూటరూ గుర్తుపట్టలేదు. బరంపురం వెళ్లి అతని దుకాణంలో బైఠాయించాను.

“ఒరే, పెళ్లేదిరా?”

అతను తీగ మార్చాడు, కంప్యూటర్ మార్చాడు. లాభం లేకపోయింది.

“నా కాడ ఇంకో కాపీ నేదు మామ్మా,” అంటూ చెమట తుడుచుకున్నాడు.

చివరికి తీగ గుచ్చే కన్నంలోకి టార్చి వేసి చూశాడు.

“ఇందులో ఇంత కుంకుమేటి?”

“ఇశ్వకర్మ పూజకి పడవ ఇంజనుకీ, మిక్సీకీ బొట్టెట్టినాను. దీన్నొక్కదాన్నీ బోసిమొగంతో ఒగ్గేస్తానేటి?”

కుంకుమంతా దులిపి, మళ్లీ తీగ గుచ్చాడు. తెర మీద మనవరాలు నవ్వింది.

“సూసినావా, బొట్టెట్టబట్టే పెళ్లి సెడకుండా ఉంది!” అన్నాను.