వాడిన గన్నేరు

చీర కొంగు గన్నేరు కొమ్మకు పట్టి చిరిగిందని కోడలు, ఆరెయ్యడానికి పెరడంతా ఉందిగా అని అత్తగారు. పొద్దున్నుంచీ అదే రభస. భరించలేక మామగారు ఆ గన్నేరు దడంతా కత్తిరించి పక్కన కుప్పేశారు.

మూడో రోజు, దడి పక్కన కట్టేసిన మేక చచ్చిపోయింది. వారం రోజుల పిల్ల మిగిలింది.

“పదేళ్లుగా అక్కడే కడుతున్నాం. ఒక్కాకు ముట్టలేదు,” అంది అత్తగారు పశువుల డాక్టరుతో.

“పచ్చాకు చేదమ్మా. కోశాక వాడిపోతే చేదు అంతగా తెలియదు, విషం మాత్రం పోదు. ఎవరు కోశారు?”

మామగారు చెప్పులు వెతుక్కోసాగారు.

మధ్యాహ్నం భోజనాల దగ్గర కోడలు గరిటె పట్టుకుని నిలబడిపోయింది. “కొట్టించింది నేనే అత్తయ్యా.”

“నాటింది నేను,” అంది అత్తగారు కంచంలోంచి తలెత్తకుండా. “రేపు వేళ్లతో సహా తవ్విస్తున్నా. పిల్లకి సీసాపాలు పొద్దున నేను పడతా, సాయంత్రం నువ్వు. కూర వెయ్యి.”