ఏనుగుదోవ

"బోర్డు మార్చే మాట మాత్రం చెప్పొద్దక్కా," అంది ప్రేమ.

హోసూరు బాగలూరు రోడ్డులో ల్యాప్‌టాప్ బోర్డులు బాగుచేసే చైత్ర, కౌంటరు మీది ల్యాప్‌టాప్‌ను బోర్లించి తట్టింది. కీల సందుల్లోంచి ఎండిన రాగి అంబలి పొడిపొడిగా రాలింది. బెంగుళూరులో ఇద్దరు చూసి, బోర్డు చచ్చింది, కొత్తది వేయించుకోమన్నారట. కొత్తది వేస్తే ఏం లాభం? ప్రేమ పనిచేసే సంస్థవాళ్ళు డిస్కుకు వేసిన తాళం ఈ బోర్డుతో తప్ప ఇంకో దానితో తెరుచుకోదు.

ఆ డిస్కులో ఒక ఏనుగు అరుపు ఉంది. అంచెట్టి అడవి అంచున ఏనుగులు నడిచే పాతదోవను ఒక రాళ్ళ క్వారీకి ఇచ్చేయబోతున్నారు. ఏనుగులు ఆ దోవ మరిచి ఏళ్ళయిందని క్వారీవాళ్ళ వాదన. అడుగుజాడలు చూపిస్తే, ఎప్పటివో అని కొట్టిపారేశారు. అందుకని ప్రేమ చలికాలమంతా రాగిచేని మంచె మీద మైకు పెట్టుకుని కూర్చుంది. ఇక లాభం లేదని తిరిగిపోయే ముందురోజు రాత్రి ఆ అరుపు చిక్కింది. రేపు పొద్దున కృష్ణగిరిలో అధికారుల ముందు దాన్ని వినిపించాలి. లేకపోతే దోవ పోయినట్టే.

పక్కనే నిలబడిన గుర్రప్ప తలగుడ్డ విప్పి చేతుల్లో నలుపుతున్నాడు. ఆ మంచె ఆయనది. చేయి జారి ల్యాప్‌టాప్ మీద ఒలికిందన్న అంబలి ముంత కూడా ఆయనదే.

"బాగుకాకుంటే వదిలేయమ్మా," అన్నాడు. "ఎంతని కష్టపడతావు."

పాపం, పెద్దాయన సిగ్గుతో చచ్చిపోతున్నాడు అనుకుంది చైత్ర. పైగా బోర్డు చచ్చిందని ఎవరన్నా అంటే ఆమెకు ఎక్కడలేని పంతమూ వస్తుంది. అందరూ చేతులెత్తేసినవే ఆమె అంగడికి వస్తాయి, ఆమె వ్యాపారమంతా వాటి మీదే నడుస్తోంది.

ల్యాప్‌టాప్ విప్పి, బోర్డును స్పిరిట్‌తో కడిగి, ఆరబెట్టి మైక్రోస్కోపు కింద పెట్టింది. తానూ చూడవచ్చా అని గుర్రప్ప మొహమాటంగా అడిగాడు. చూడనిచ్చింది. ఆయన కన్ను ఆనించి చాలాసేపు కదల్లేదు.

"ఊరు మాదిరి ఉండాదే తల్లీ. దోవలు, ఇండ్లు, సందులు... ఇంత సన్నంగా ఎవురు కట్టినారు?"

రోజూ చూసే తనకే ఇంకా ఆ వింత తీరలేదని చైత్ర చెప్పింది. ఆ ఊళ్ళో ఎక్కడో ఒక చోట కరెంటు దారితప్పి నేల పాలవుతోంది. ఆ చోటు దొరికితే గెలిచినట్టే.

బోర్డుకు కొంచెం కరెంటు ఇచ్చి, దాని మీద స్పిరిట్ చిలకరించింది. పచ్చటి పలక అంతా తడితో మెరిసింది. ముగ్గురూ దాని మీదికి వంగారు.

"చూడప్పా, తప్పు యాడుంటే ఆడ వేడెక్కుతుంది. స్పిరిట్ ఆడనే ముందు ఆరిపోతుంది," అంది చైత్ర.

గుర్రప్ప తలగుడ్డతో నుదురు తుడుచుకున్నాడు.

ఓ మూల చిన్న మచ్చంత మేర తడి ఆరిపోయింది. మిగతా బోర్డంతా ఇంకా తడిగానే ఉంది. ఆ మచ్చ మధ్యలో రాగిగింజ కన్నా చిన్న ముక్క ఒకటి కాలిపోయి కూర్చుంది. ఇంతమందిని ఇన్ని తిప్పలు పెట్టింది అదన్నమాట. చైత్ర వేడిగాలి తగిలించి, సన్నటి పట్టకారుతో దాన్ని లేపేసి, అలాంటిదే ఇంకోటి అతికించింది. అన్నీ మళ్ళీ బిగించి బటన్ నొక్కింది. లోపల ఫ్యాను తిరిగింది. తెర వెలిగింది. ప్రేమ కౌంటరు అంచును గట్టిగా పట్టుకుంది.

తాను పాటలు వినే స్పీకర్లను చైత్ర ల్యాప్‌టాప్‌కు తగిలించింది. మొదట కీచురాళ్ళ రొద, రాగిచేలో గాలి. తర్వాత వచ్చింది అరుపు.

అది భూమి లోపలినుంచి లేచినట్టు లేచింది. పైకి పోయి పగిలి, సన్నగిల్లి, మళ్ళీ బరువైన మూలుగై చాలాసేపు సాగింది. వాకిట్లో మొరుగుతున్న కుక్క నోరు మూసింది. ఎదురుగా టీ అంగడివాడు గ్లాసు చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. చైత్రకు ఒళ్ళు జలదరించింది, ఎందుకో తెలియకుండానే కళ్ళు నిండాయి. గుళ్ళో ఏనుగును ఆమె ఎన్నోసార్లు చూసింది. ఈ గొంతు వేరు. మనకింత దగ్గరలో ఇంత పెద్ద ప్రాణం ఎవరి అనుమతీ అడగకుండా బతుకుతోందని తలుచుకుంటే ఆమెకు చేతులు జోడించాలనిపించింది.

ప్రేమ ఆమెను వాటేసుకుని ఏడ్చింది. అరుపు దక్కిందని తనవాళ్ళకు ఫోను చేసి చెప్పడానికి బయటికి పరుగెత్తింది.

"ఇంక మనసు కుదుటపడిందా అప్పా?" అని చైత్ర గుర్రప్పను అడిగింది.

ఆయన తలెత్తలేదు. "అంబలి చేయి జారి పడలేదు తల్లీ. నేనే పోసినాను."

చైత్ర స్పీకర్లు ఆపేసింది.

"ఏనుగులు ఆ దోవన వచ్చేది నిజం. ఏటా నా చేను తొక్కి పోతాయి. కానీ నోరు తెరవవు, నీడ మాదిరి వచ్చి పోతాయి. ఆ పాప ఏమీ వినకనే బట్టలు సర్దుకుంటా ఉంటే నాకు చూడబుద్ధి కాలేదు. ఆఫీసర్ల ముందర పెడుతుందని నాకేం తెలుసు?"

బయట ఫోనులో నవ్వుతున్న ప్రేమ వైపు ఒకసారి చూసి, గుర్రప్ప గొంతు తగ్గించాడు.

"ఆ రాత్రి చేని అవతల నిలబడి అరిచింది నేనే."