గంటసేపు భోజనం

నాన్న వేళ్ళలోంచి చిన్న నట్టు జారి, స్పార్క్ ప్లగ్గు విప్పిన రంధ్రంలోంచి కారు ఇంజన్ లోపలికి పడిపోయింది. టిక్కుమని చప్పుడైంది. ఆయన తల కూడా తిప్పలేదు. వినిపించలేదేమో అనుకున్నాను. అలాగే స్టార్ట్ చేస్తే ఆ ఇంజన్ ఇక పనికిరాదు.

ప్లగ్గు విప్పగానే రంధ్రంలో గుడ్డ కుక్కాలని నెత్తిన మొట్టి మరీ నాకు నేర్పింది ఆయనే. ఇవాళ ఆ గుడ్డ ఆయన భుజం మీదే ఉండిపోయింది.

"భోంచేసి వస్తానమ్మా. ఈలోగా దేన్నీ కెలక్కు," అని వెళ్ళాడు.

పది నిమిషాల్లో తినేసి వచ్చే మనిషికి ఈమధ్య గంట పడుతోంది. నాకూ ఆ గంట కావాలి. ఆయన చెయ్యి వణకడం మొదలై ఆరు నెలలు. అప్పట్నుంచీ ఆయన బాగుచేసిన ప్రతి కారునూ ఆ గంటలోనే మళ్ళీ చూసి, వదిలేసిన బోల్టులు బిగించి, ఏమీ తెలియనిదానిలా నిలబడుతున్నాను.

అయస్కాంతం కట్టిన పుల్లను రంధ్రంలోకి దించాను. నాలుగోసారికి నట్టు అంటుకుని పైకొచ్చింది. జేబులో వేసుకున్నాను.

నాన్న వస్తూనే చెయ్యి చాపాడు. "నట్టు ఇలా ఇవ్వు."

"ఏ నట్టు నాన్నా?"

"చెవులు బాగానే ఉన్నాయమ్మా నాకు. పోయింది చెయ్యే," అన్నాడు ఇంజన్ వైపు చూస్తూ. "తినేది పది నిమిషాలే. మిగతా సేపంతా షెడ్డు వెనక గోడ దగ్గర నిలబడుతున్నాను, నీ పని అయ్యేదాకా."

నట్టు తీసి ఆయన అరచేతిలో పెట్టాను. అది అక్కడ కూడా కుదురుగా ఉండలేదు.