ముఖం చూసే బోర్డు

మన ముఖంలో అవసరాన్ని చదివి దుకాణాల బోర్డులే ధర పలుకుతున్న రోజులివి. ఆ ధరను అమ్మేవాళ్లు మార్చకూడదు. పాపకు జ్వరమని కొబ్బరిబోండాల బండి దగ్గరికి పరుగెత్తాను. నన్ను చూడగానే బోర్డు మీద అరవై కాస్తా మూడు వందలైంది.

బండి నడిపే మల్లవ్వ నన్ను గట్టిగా కసిరింది. "ఇయ్యాల బోండాలల్ల నీళ్లే లెవ్వు బిడ్డా. ఇంకోకాడికి పో!"

నిజమేననుకుని వెనుదిరిగి నాలుగడుగులు వేశాను.

"ఇటు తిరగకు! అట్లనే ఎన్కకు నడుసుకుంట రా. యాభైకి దిగింది," అంది మల్లవ్వ.

ఆమె నా చేతిలో పెట్టిన బోండం నిండుగా, బరువుగా ఉంది. నీళ్లన్నీ తాగి పాప ఇంకా కావాలంది.

రేపూ వెళ్లాలి. మల్లవ్వను చూడగానే వెలిగిపోయే ఈ ముఖాన్ని ఆ బోర్డుకు కనబడకుండా ఎక్కడ దాచుకోను?