లేవనన్న అల్లుడుగారు

"నిన్న కోసిన పొట్టండీ! ఇవాళ లేచి నడవమంటారేంటండీ?"

బసవయ్య గొంతు ఆస్పత్రి వసారా దాటి నందిగామ బజారుదాకా వినిపించింది. డాక్టర్ ప్రేమానందం రోగి ఛాతీమీద స్టెతస్కోప్ పెట్టి విన్నాడు. అరవైమూడు వేసవి అది. ఆస్పత్రి తెరిచి ఏడాదైనా కాలేదు.

బసవయ్య జగ్గయ్యపేటలో పేరున్న రైతు. సెలవులకు వచ్చిన అల్లుడు కడుపునొప్పితో మెలికలు తిరిగిపోతుంటే కారులో వేసుకుని వచ్చాడు. అపెండిక్స్ పగలడానికి సిద్ధంగా ఉంది. బెజవాడ వెళ్ళేంత వ్యవధి లేదు. ఆపరేషన్ బల్ల ఎక్కేముందు అల్లుడు భార్య భారతీదేవి చెవిలో ఏదో చెప్పాడు. ఆవిడ తలూపి, తండ్రి చెవిలో వేసింది. అప్పగింతలు కాబోలనుకుని ప్రేమానందం జాలిపడ్డాడు. అల్లుడుగారేం చేస్తుంటారని అడిగితే, బసవయ్య కూతురి వంక చూసి, "ఏదో గవర్నమెంటు ఉద్యోగంలెండి" అని తేల్చేశాడు. నర్సు కృపావతి రిజిస్టరులో 'బసవయ్యగారి అల్లుడు' అని రాసుకుంది. ఆ చుట్టుపక్కల అంతకు మించి ఎవరికీ అక్కర్లేదు.

ఆపరేషన్ చక్కగా జరిగింది. చిక్కంతా ఇప్పుడొచ్చి పడింది. రోగికి ఛాతీలో కఫం పేరుకుంటోంది, ఒళ్ళు వెచ్చబడింది. ఇలాగే పడుకుంటే న్యుమోనియా ఖాయం. అదే జరిగితే జగ్గయ్యపేట నుంచి ఇక ఒక్క రోగీ రాడు. ఆ మాట అటుంచి, మంచం పక్కనే కూర్చున్న ఆ భారతీదేవి మొహం తను చూడగలడా?

బసవయ్యను ఉపాయంగా కాఫీకి పంపించి, ప్రేమానందం తన గదిలోంచి వైద్యపత్రిక పట్టుకొచ్చాడు.

"చూడండి. గుండె ఆపరేషన్ల మీద జగన్నాథరావుగారని ఒక సర్జన్ పరిశోధన చేసి రాశారు. గుండె కోయించుకున్నవాళ్ళనే మర్నాడు లేపి కూర్చోబెట్టారు, ఆ మర్నాడు నడిపించారు. వాళ్ళతో పోలిస్తే మీదెంతండీ? ఇది చదివాకే ఇక్కడ మంచాన పడుకోబెట్టడం మానేశాను."

రోగి పత్రిక వంక చూసి మొహం అటు తిప్పుకున్నాడు.

"ఆ రాసినాయన పొట్ట ఎవరన్నా కోశారా డాక్టరుగారూ?"

"నాకెలా తెలుస్తుందండీ?"

"కోసుండరు. అందుకే అంత ధైర్యంగా రాశాడు. కుర్చీలో కూర్చుని రాయడానికేం!"

భారతీదేవి పైటచెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదులుతున్నాయి. పాపం, ఏడుస్తోందని ప్రేమానందం కంగారుపడ్డాడు.

"ఇంకో మాట కూడా రాశారండీ. రోగి బతిమాలినా, తిట్టినా డాక్టరు కరగకూడదని."

రోగి కళ్ళు మూసుకున్నాడు. "ఉంటుంది. ఆ ముక్కా ఉంటుంది."

"అయితే లేవండి."

"రేపు లేస్తా."

"రేపంటే వినొద్దన్నారు."

"ఏం మనిషండీ వాడు!" అంటూనే కాళ్ళు కిందకి దించాడు.

భారతీదేవి ఒక రెక్క, కృపావతి ఒక రెక్క పట్టుకున్నారు. మొదటి అడుగుకి అమ్మో అన్నాడు, రెండో అడుగుకి ఆ వ్యాసకర్తను తిట్టాడు. కిటికీ చేరేసరికి గట్టిగా దగ్గొచ్చి కఫమంతా బయటపడింది. ఊపిరి తేలికయింది. కాఫీ గ్లాసుతో వచ్చిన బసవయ్య గుమ్మంలోనే నోరు తెరుచుకు నిలబడిపోయాడు. సాయంత్రానికి జ్వరం దిగింది. ప్రేమానందానికి ఎగిరి గంతేయాలనిపించింది.

కుట్లు విప్పిన రోజున అల్లుడుగారు తనంతట తనే నడిచి కారెక్కాడు. "మా అల్లుడు మర్నాడే నడిచాడయ్యా! డాక్టరంటే ఈయన!" అని బసవయ్య వారం నుంచీ కనిపించినవాడికల్లా చెబుతూనే ఉన్నాడు. అప్పటికే పెనుగంచిప్రోలు నుంచి కూడా రోగులొచ్చి వసారాలో కూర్చున్నారు.

సెలవు తీసుకోవడానికి భారతీదేవి లోపలికొచ్చింది.

"జగన్నాథరావుగారికి ఇవాళే ఉత్తరం రాస్తానమ్మా. మీ వ్యాసం నందిగామలో ఒక ప్రాణం నిలబెట్టిందని! మీవారి పేరు కూడా రాస్తాను. ఇంతకీ ఆయన పేరేంటి?"

కట్టుకున్నవాడి పేరు నోటితో చెప్పడమే! భారతీదేవి సిగ్గుపడిపోయి తండ్రి కోసం చూసింది. బసవయ్య కారు దగ్గర ఎవరికో మళ్ళీ మొదటినుంచీ చెబుతున్నాడు. ఆవిడ నవ్వుకుని, బల్లమీదున్న వైద్యపత్రిక తెరిచింది.

ఆ వ్యాసం రాసినాయన పేరు మీద వేలు పెట్టింది.